పన్నెండో పలక

నా యంత్రానికి మొహమాటం తెలియదు. తెలియకూడదనే అలా కట్టాను. మంత్రి మనవడైనా మేస్త్రీ కూతురైనా దాని ముందు పది చుక్కలే. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఏటా రెండు లెక్కల పరీక్షలు, ఐదేళ్లకు పది మార్కులు, పది చుక్కలు. ఆ చుక్కల మధ్యనుంచి ప్రతి పిల్లకూ ఒక గీత. పిల్ల ఎక్కడ మొదలైంది, ఏడాదికి ఎంత ఎదుగుతోంది, ఆ ఎదుగుదలలో బడి వాటా ఎంత, పిల్ల సొంతం ఎంత అని విడదీసి, పదో తరగతిలో ఎక్కడ తేలుతుందో ఏడోలోనే చెప్పేస్తుంది. నూటికి తొంభై ఆరుసార్లు అది చెప్పిందే జరిగింది. దాని పేరు బాట.

అందుకే ఆ ఆదివారం పొద్దున మా ఆయన జంగయ్య ఒక ఆడపిల్లను వెంటబెట్టుకొచ్చి, "స్వరూపా, ఈ పోరి గీత ఒక్కపారి సూస్తవా" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

"పైరవీకి నీకు నేనే దొరికిన్నా?" అన్నాను, పిల్ల వింటుందని తెలిసే.

జంగయ్య రాళ్లచెలక బడికి హెడ్మాస్టరు. పాలమూరు పట్నంలో మా ఇంటి నుంచి బస్సులో గంటంబావు. నేను రోజూ రైలెక్కి హైదరాబాదులో ప్రయోగశాలకు పోతాను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నన్ను ఆఫీసు పని అడిగింది అదే మొదటిసారి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. కోపం ముందు ఏం తడుతుంది?

"మాఫీ వచ్చింది దీనికి," అన్నాడు.

ఏడో తరగతి చివర గీత పాసు మార్కు గడప దాటదని తేలిన పిల్లలకు ఎనిమిది నుంచి లెక్కలుండవు, సైన్సుండదు. కుట్టుపని, వైరింగు, వంట, వీటిలో ఏదో ఒకటి నేర్పుతారు. ప్రభుత్వం దానికి 'గణిత మినహాయింపు' అని పెద్ద పేరు పెట్టింది. జనం మాఫీ అనేశారు. ఒకసారి మాఫీ అయితే మళ్లీ వెనక్కి రావడమంటూ లేదు. ఆ ఏటి పట్టికకు బుధవారం సాయంత్రం ఐదింటికి తాళం పడుతుంది.

పిల్ల పేరు బాలమణి. సన్నగా, నూనె పెట్టి బిగించిన రెండు జడలతో, చేతిలో పల్లికాయల సంచితో నిలబడింది. సంచి వాళ్లమ్మ పంపిందట. తల్లి ఎంకటమ్మ అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మర్యాదకు వద్దనలేక సంచి తీసుకున్నాను గానీ, పిల్లను అక్కడికక్కడే తేల్చి పంపిద్దామనుకున్నాను.

"మా మీది ట్యాంకు మోటరేస్తె నలభై నిమిషాల్ల నిండుతది," అన్నాను. "నల్లా తిప్పితె ఒక్క గంటల ఖాళీ అయితది. ఖాళీ ట్యాంకుకు రెండూ ఒక్కపారే వదిల్తే ఎప్పుడు నిండుతది?"

పిల్ల నేల వంక చూసింది. రెప్ప రెండుసార్లు కొట్టిందేమో. "రెండు గంటలు మేడం," అని తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు టకటకమని కొట్టింది. ఆ తర్వాత, "కరెంటు పోకుంటె," అంది.

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "ఆ కొట్టుడేంది?"

"మా అమ్మ సోలతోటి బియ్యం కొలిస్తె గట్లనే కొడ్తది మేడం. ఆ కొలత అయిపోయినట్టు గుర్తు."

ఇంకో నాలుగు అడిగాను. రానురాను కష్టంగా అడిగాను. ఆఖరుది నేనే కాగితం తీసుకుని సరిచూసుకోవాల్సి వచ్చింది. ఏడో తరగతిలో ఇలాంటి పిల్లను నేనెప్పుడూ చూడలేదు. జంగయ్య వైపు తిరిగితే ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. భార్య ఓడిపోతే ముసిముసిగా నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

*

సోమవారం ప్రయోగశాలకు వెళ్లగానే ఫర్హానాను పిలిచాను. ఫర్హానా నా దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తోంది. నా కోపానికి భయపడని మనిషి ఆ భవనం మొత్తంలో ఆమె ఒక్కతే.

"ఈ పిల్ల చుక్కలు తెరువు."

తెరిచింది. జూలై మార్కులు ఇరవైకి పదహారు, పదిహేడు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. జనవరి మార్కులు పదిహేను, పదమూడు, పదకొండు, తొమ్మిది, ఏడు. గీత బండ మీంచి జారినట్టు కిందికి పోతోంది.

"ఉల్టా ఉంది మేడం," అంది ఫర్హానా. "ఎండాకాలం సెలవుల్లో మర్చిపోయి జూలైలో తగ్గుతారు, జనవరికి పెరుగుతారు. ఈ పిల్లకు జూలైలో అన్నీ వస్తాయి, జనవరిలో ఏమీ రావు. జనవరి చుక్కకే మనం మూడింతల బరువిస్తాం కదా, అందుకే గీత పడిపోయింది."

మూడింతల బరువివ్వమన్నది నేనే. ఆ నిర్ణయం తీసుకున్న రోజు ఈ గదిలోనే మిఠాయి పంచాను.

గీతకూ చుక్కకూ మధ్య మిగిలే ఎడాన్ని మేము మామూలుగా పట్టించుకోం. ఆ రోజు జ్వరమో, తలనొప్పో, అదృష్టమో అని వదిలేస్తాం. కానీ ఈ పిల్ల ఎడం ప్రతి జనవరిలోనూ కిందికే, అదీ ఏటికేడు ఎక్కువవుతోంది. జ్వరం అలా లెక్క ప్రకారం రాదు. "అదే రోజుల్లో ఎవరి ఎడం దీనికి ఎదురుగా పైకి లేచిందో వెతుకు," అన్నాను.

యంత్రానికి అరనిమిషం పట్టింది. పదకొండు మంది. పదకొండు మందీ ఆ బడి పిల్లలే. జూలైలో ఆరో ఏడో వచ్చిన పిల్లలకు జనవరిలో సరిగ్గా పదిహేను. ఎవరికీ పద్నాలుగు లేదు, పదహారు లేదు. ఆ పదకొండు గీతలూ గడప దాటేశాయి.

పరీక్ష రాసేది మామూలు కాగితం మీద కాదు, విద్యుత్ పలక మీద. ఒక్కో పలకకు వేరువేరు లెక్కలు వస్తాయి కాబట్టి పక్కపిల్లను చూసి రాయడం కుదరదు. పెన్ను ఎక్కడ ఆగింది, ఎంత గట్టిగా ఒత్తింది అన్నీ పలకలో పడతాయి. పడతాయి గానీ ఎవరూ చూడరు. ఫర్హానా ఆ పదకొండు పలకల పెన్ను జాడలు ఒకదాని పక్కన ఒకటి పరిచింది. ప్రతి జవాబు చివరా రెండు చిన్న చుక్కలు. టక, టక.

"ఒకటే చెయ్యి మేడం," అంది. "అన్నీ అయ్యాక, ఆఖరి పావుగంటలో పన్నెండో పలక తెరిచింది. అది ఈ పిల్లదే." గొంతు తగ్గించి అడిగింది. "మేడం, ఈ బడి హెడ్మాస్టరు సార్ పేరు..."

"నాకు తెలుసు," అన్నాను.

*

"ఆ పదకొండు పలకలు ఎవరు రాసిన్రు?"

చెప్పులు కూడా విడవలేదు నేను. జంగయ్య చాటలో బియ్యం ఏరుతున్నాడు. చెయ్యి ఆగింది. అబద్ధమాడతాడేమోనని చూశాను. ఆడితే బాగుండునని కూడా అనిపించింది, సిగ్గు లేకుండా.

"బాలమణి," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకని నువ్వడుగుతున్నవా?" చాట పక్కన పెట్టాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడో గానీ వినలేదు. "పలకలు ఖాళీగుండొద్దని రాసిందెవరు? నూటికి పది ఖాళీలు దాటితె బడి మూసేసి పక్కూర్ల కలపమని రాసిందెవరు? ఆ కాయిదం మీద నీ సంతకం సూసిన నేను. మా బడిల నలభై ముగ్గురు పిల్లలు. దీపావళి ఎల్లంగనే పదకొండు మంది తట్టాబుట్టా సర్దుకొని తల్లిదండ్రులెంట పూణె పోతరు, మట్టిపనికి. ఉగాదికి గాని రారు. మరి జనవరి పరీక్ష ఎవరు రాయాలె? నేను రాయాల్నా? పక్కూరి బడి ఏడు కిలోమీటర్లు. నడుమ వాగు."

"నాకు చెప్పొచ్చు గద!"

"చెప్తె ఊకుంటువా? నా యంత్రానికి మొహమాటం లేదని నువ్వేనాయె అనేది."

ఖాళీలుంటే గీతలు వంకరపోతాయి. అందుకే ఖాళీలు వద్దన్నాను. హాజరు పట్టీలో గైరుహాజరు అనే గడిని చూస్తే నాకు పళ్లెంలో వెంట్రుక కనబడ్డట్టుండేది. ఆ గడి వెనుక ఒక పిల్ల పూణెలో ఇసుక తట్ట పక్కన కూర్చుని ఉంటుందని తెలియక కాదు. పాలమూరులో పుట్టి వలస సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు? గీత చక్కగా రావాలి, అంతే. అదొక్కటే యావ.

"మొదటేడు రెండే రాసింది," అన్నాడు జంగయ్య మెల్లగా. "తర్వాత నాలుగు. ఆరు. తొమ్మిది. ఈ యేడు పదకొండు. పలకలు పది నుంచి ఒంటిగంట దాకనే తెరిచుంటయ్. 'ముందుగాల వాళ్లయి రాయి బిడ్డా, ఆఖర్ల నీది రాసుకో' అన్న. అన్నీ కరెక్టు రాయకు, పదిహేను చాలన్న. పోరి ఉషారుది, పావుగంటల తనది గూడ రాసుకుంటదనుకున్న. మూడు గంటలు చెయ్యి ఆపకుండ రాసినంక ఆ ఏలుకు పెన్ను పట్టే సత్తువుంటదా లేదా అని సూడలే. సూడలే స్వరూపా." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మాఫీ కాయిదం వచ్చినంక పోరి నన్నేమన్నదో తెలుసా? 'పోనియ్ సార్, మన బడైతె ఉన్నది గద' అన్నది."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పక్కన కూర్చుని ఏడవాలనీ అనిపించింది. కంచె చేను మేసిందని తిడదామంటే, ఇందులో కంచె నేనా ఆయనా అన్నది తేలడం లేదు.

"మరి సరిచెయ్యి," అన్నాడు. "నీ చేతుల పనే గద?"

కాదు. బాటలో ఒక మనిషి చేత్తో మార్కు మార్చే తలుపు లేదు. పైరవీలు రాకూడదని ఆ తలుపు మూయించింది కూడా నేనే. ఉన్నది ఒక్కటే దారి. ఫలానా బడిలో ఫలానా మార్కులు దొంగవని సంతకం పెట్టి ఫిర్యాదు చెయ్యాలి. కింద బాధ్యుల పేరు రాయాలి. పేరు రాస్తే ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు. పదకొండు ఖాళీలు బయటపడితే ఆ బడీ ఉండదు.

అదంతా చెప్పాను. జంగయ్య చాట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. రాయి ఒకటి దొరికితే ఏరి బయట పారేశాడు.

"రాయి," అన్నాడు. "నా పేరు రాయి. పోరిని ఆగం జేసింది నేను. ఎంకటమ్మకు వంటపని పోతది, గదొక్కటే కడుపుల బాధ."

*

మంగళవారం పొద్దున ఫిర్యాదు పత్రం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఫర్హానా వచ్చింది. నిన్నటి వెతుకులాటను రాష్ట్రం మొత్తం మీద నడిపిందట, నన్ను అడక్కుండా.

"రెండు వందల పద్నాలుగు బడులు మేడం. అన్నీ వలస మండలాలే. ఒక్కో బడిలో ఒక్క పిల్ల గీతే ఇలా జారింది. ఆ పిల్ల జూలై మార్కులు చూడండి."

చూశాను. రెండు వందల పద్నాలుగు బడుల్లోనూ, జారిన పిల్లే ఆ బడిలో అందరికన్నా తెలివైన పిల్ల. ఎవరు చకచకా రాయగలరో వాళ్ల చేతికే కదా సార్లు పలకలిస్తారు. పోయిన నాలుగేళ్ల పట్టికలూ తీశాం. అవీ అంతే. వాటికి తాళాలు పడిపోయాయి. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడో జాకెట్లకు గుండీలు కుడుతుంటారు.

నూటికి తొంభై ఆరు! ఎన్ని సభల్లో చెప్పుకున్నాను ఆ మాట. లెక్కలు తీసేసిన పిల్లకు పదో తరగతిలో లెక్కలు రావు. రావని ముందే చెప్పిన యంత్రం ఘనమైనదని చప్పట్లు కొట్టించుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫిర్యాదు పత్రంలో బాధ్యుల పేరు దగ్గర ముందు నా పేరు రాశాను. దాని కింద జంగయ్య పేరు రాశాను.

డైరెక్టరు వామన్‌రావు గారు పత్రం రెండుసార్లు చదివారు. "మీ ఆయన పేరు అర్థమైంది. మీ పేరెందుకమ్మా?"

"ఖాళీలు వద్దన్నది నేను సార్."

ఆయన పత్రం బల్ల మీద పెట్టారు. మంచి మనిషే, కానీ ఆ కుర్చీలో ఉన్నారు. "నాలుగు లక్షల మంది పిల్లల పట్టిక ఇది. పెన్ను చుక్కలు చూపించి ఆపమంటే ఎవరూ ఒప్పుకోరు. రేపు నాలుగింటికి ఆ పిల్ల మా ముందు కూర్చుని రాయాలి. ఇరవైకి పదహారు రావాలి. వస్తే ఆ రెండు వందల పద్నాలుగు బడుల పట్టిక తాళం వెయ్యకుండా పక్కన పెడదాం. రాకపోతే ఫిర్యాదు కొట్టేసి ఐదింటికి తాళం వేస్తాం."

*

బుధవారం మూడున్నరకే బాలమణి తల్లితో వచ్చింది. జంగయ్యే బస్సులో తీసుకొచ్చాడు. పిల్ల నా వైపు చూడలేదు. అద్దాల గదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, పలక ఇచ్చి, తలుపు వేశారు. లోపల వామన్‌రావు గారు, ఇంకో ఇద్దరు కమిటీ సభ్యులు. బయట మేం నలుగురం, ఫర్హానా ముందు తెర.

నాలుగు గంటలకు పలక తెరుచుకుంది. పిల్ల పెన్ను చేతిలోకి తీసుకుంది.

నాలుగూ పది. తెర మీద ఏమీ లేదు.

నాలుగూ ఇరవై. పిల్ల పెన్ను పట్టుకునే ఉంది. పలక వంక చూస్తోంది, లెక్కలు చదువుతోంది, పెదాలు కదులుతున్నాయి. జవాబులు ఆ పిల్లకు తెలిసిపోతున్నాయి, నాకు కనబడుతోంది. కానీ రాయడం లేదు.

"ఏమైందే దీనికి?" అన్నాను ఎంకటమ్మతో. "భయపడ్డదా?"

ఎంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "రాయదమ్మా. బస్సుల నా చెవుల చెప్పింది. 'నేను మంచిగ రాస్తె ఆ పలకలన్నీ నేనే రాసినట్టు తెలుస్తదమ్మా, సార్‌ను పట్టుకపోతరు' అన్నది. నేనేం జెప్పాలె? సార్ మాకు అన్నం బెట్టిండు."

నాలుగూ ఇరవై ఐదు. పరీక్ష రాసే పిల్లతో ఎవరూ మాట్లాడకూడదు. ఆ నియమం కూడా నాదే. జంగయ్య నా మొహం చూశాడు. ఆ తర్వాత లేచి, నేరుగా పోయి అద్దాల తలుపు తీశాడు.

"సార్, ఒక్క మాట. మీ అందరి ముందర్నే చెప్త."

సభ్యుల్లో ఒకాయన కసురుకోబోయాడు. వామన్‌రావు గారు చెయ్యెత్తి ఆపారు.

జంగయ్య గడప దాటలేదు. అక్కడే నిలబడి, బడిలో మాట్లాడినట్టే మాట్లాడాడు. "బాలమణీ, నేను నీకు ఎప్పుడు ఏం జెప్తుంటి?"

పిల్ల తల ఎత్తలేదు. "ముందుగాల వాళ్లయి, ఆఖరుకు నాది."

"తప్పు చెప్పిన బిడ్డా. నా తప్పది, నీది గాదు. ఈయాల ఎవ్వరిది లేదు. నీదొక్కటే. రాయి."

"మరి మీరు సార్?"

"నేను మంచిగనే ఉంట. నువ్వు రాయకుంటె మంచిగుండ."

ఆయన తలుపు వేసి బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఎన్నేళ్లయింది అలా పట్టుకుని.

నాలుగూ ముప్పై ఒకటి. ఫర్హానా "మేడం!" అంది.

తెర మీద మొదటి జవాబు పడింది. దాని చివర రెండు చుక్కలు. టక, టక. రెండోది. మూడోది. తడుముకోవడం లేదు, కొట్టివేతలు లేవు. పదో లెక్క దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. పదహారు దాటింది. ఎంకటమ్మ లెక్క చూడటం లేదు, కూతురి వేళ్లే చూస్తోంది.

నాలుగూ నలభై నాలుగుకు ఇరవయ్యో లెక్క అయిపోయింది. ఇరవైకి ఇరవై. అదే చెయ్యి, అవే చుక్కలు. ఫర్హానా అందరి ముందూ ఏడ్చేసింది.

బాలమణి మాత్రం తెర చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. రాసిన పలకను పక్కకు జరిపింది. తల వంచుకునే, అలవాటుగా కుడిచెయ్యి చాచింది.

"ఇంకోటియ్యున్రి సార్," అంది.

ఆ చెయ్యి అలాగే చాచి ఉంది. వామన్‌రావు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకోటి లేదమ్మా," అన్నారు. "నీదొక్కటే."

"ఇంక పావుగంట ఉన్నది గద సార్?"

ఆయన నా వైపు చూశారు. నేను లోపలికి వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాను. ఏదో చెప్పాలనుకున్నాను.

"ఏం జెయ్యాలె మేడం?" అని అడిగింది.

"ఏం జెయ్యకు బిడ్డా," అన్నాను. "కూసో."

అద్దం అవతల జంగయ్య ఎవరో ఇచ్చిన ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతున్నాడు. గడియారం ఐదు కొట్టేదాకా ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.